అమెరికా ప్రొటెక్టివ్ ఆర్డర్: నిందితుడి వైపు నుంచి ఒక నేపథ్యం

అమెరికాలో ఒక కాపురం చెదిరి, భార్య కోర్టుకెళ్లి ప్రొటెక్టివ్ ఆర్డర్ (భర్తను తనకు దూరంగా ఉంచే కోర్టు ఉత్తర్వు) తెచ్చుకుందని తెలిసిన రోజున తెలుగు కుటుంబాల్లో ముందుగా మోగేవి ఫోన్లే. గుంటూరు నుంచి అత్తగారు, కరీంనగర్ నుంచి పెదమామ, డాలస్‌లోనే ఉండే కుటుంబ మిత్రుడు, అందరూ ఆమెకే చేస్తారు. “ఒక్కసారి వాడితో మాట్లాడమ్మా, ఇంట్లోనే తేల్చుకుందాం” అంటారు. మనకు అది పెద్దలుగా చేయవలసిన పని. కానీ ఉత్తర్వులో ‘ఏ విధంగానూ సంప్రదించరాదు’ అని ఉండి, ఆ మాటలు అతను చెప్పించినవని తేలితే, అక్కడి కోర్టు దాన్ని ఉల్లంఘనగా చూస్తుంది. హెచ్‌1బీ మీదో గ్రీన్‌కార్డు మీదో ఉన్న మనిషికి ఆ ఉల్లంఘన దేశం విడిచి వెళ్లే పరిస్థితి తేగలదు. చట్టం ఇంత బిగుసుకోవడం వెనుక దాదాపు యాభై ఏళ్ల కథ ఉంది.

1970ల దాకా అమెరికా పోలీసులు కూడా భార్యను కొట్టడాన్ని ఇంటి గొడవగానే చూసేవారు. వచ్చి, ఇద్దరినీ మందలించి వెళ్లిపోయేవారు. క్రిమినల్ కేసు పెట్టి రుజువు చేసేసరికి నెలలు పట్టేది, ఈలోగా ఆమె అదే ఇంట్లో ఉండాలి. మహిళా ఉద్యమం ఒత్తిడితో 1976లో పెన్సిల్వేనియా చేసిన చట్టం కొత్త దారి తెరిచింది. శిక్ష సంగతి తర్వాత, ముందు మనిషిని దూరం పెట్టమంది. 1980లు ముగిసేనాటికి ఇలాంటి చట్టం దాదాపు దేశమంతటా వచ్చింది.

నిందితుడికి అన్యాయంగా తోచే లక్షణాలన్నీ ఆ పుట్టుకలోనే ఉన్నాయి. తొలి ఉత్తర్వు అవతలి పక్షాన్ని వినకుండానే వస్తుంది. టెక్సాస్‌లో అది 20 రోజుల వరకు ఉంటుంది, కోర్టు పొడిగించవచ్చు కూడా. ఆలోగా విచారణకు పిలుస్తారు. ఇది సివిల్ వ్యవహారం కాబట్టి సందేహానికి తావులేని రుజువు అక్కర్లేదు, జరిగి ఉండే అవకాశమే ఎక్కువని జడ్జికి అనిపిస్తే చాలు. డబ్బులేనివాడికి ప్రభుత్వం లాయర్ని పెట్టాలన్న హక్కు మామూలుగా ఇక్కడ వర్తించదు. తుది ఉత్తర్వు టెక్సాస్‌లో సాధారణంగా 2 ఏళ్ల వరకు, కొన్ని కేసుల్లో అంతకు మించి నడుస్తుంది.

స్టాకింగ్ నేరం, అంటే ఒకరిని పదేపదే వెంటాడి భయపెట్టడం, దాని కథ వేరు. 1989 జులైలో లాస్ ఏంజిల్స్‌లో యువనటి రెబెకా షేఫర్‌ను, ఎంతోకాలంగా వెంటాడుతున్న ఒక అభిమాని ఆమె ఇంటి గుమ్మంలోనే కాల్చి చంపాడు. ఒక ప్రైవేటు డిటెక్టివ్ ద్వారా, వాహనాల శాఖ రికార్డుల నుంచి ఆమె చిరునామా సంపాదించాడు. ఆ రోజుల్లోనే పక్కనున్న ఆరెంజ్ కౌంటీలో కొందరు స్త్రీలు, తమను వెంటాడుతున్న మగవాళ్ల చేతుల్లో హతమయ్యారు. చేయి పడేదాకా పోలీసులు కదలడానికి చట్టంలో దారి లేదని అందరికీ అర్థమైంది. 1990లో కాలిఫోర్నియా అమెరికాలోనే మొదటి స్టాకింగ్ చట్టం చేసింది. కొద్ది ఏళ్లలోనే మిగతా రాష్ట్రాలూ అనుసరించాయి.

తొందరలో రాసిన చట్టాలు కొన్ని కోర్టుల్లో నిలబడలేదు. టెక్సాస్ 1993లో చేసిన చట్టాన్ని అక్కడి అత్యున్నత క్రిమినల్ కోర్టే 1996లో కొట్టేసింది. ఏది చేస్తే నేరమో మామూలు మనిషికి తెలియనంత అస్పష్టంగా ఉందన్నది కారణం. 1997లో దాన్ని మళ్లీ రాశారు. ఇప్పుడక్కడ మొదటిసారి స్టాకింగ్‌కే 2 నుంచి 10 ఏళ్ల జైలు శిక్ష పడవచ్చు. నిందితులు ఆడవారైనా మగవారైనా చట్టం ఒకటే.

1994లో ఫెడరల్ ప్రభుత్వం రంగంలోకి దిగింది. ఆ ఏడాది వచ్చిన చట్టంతో ఒక రాష్ట్రం ఇచ్చిన ఉత్తర్వు దేశమంతటా చెల్లుబాటయింది. న్యూజెర్సీలో ఉత్తర్వు పడ్డాక కాలిఫోర్నియాకు ఉద్యోగం మార్చుకున్నా అది వెంటే వస్తుంది. ఆ చట్టం చెప్పిన షరతులకు సరిపోయే ఉత్తర్వు కింద ఉన్నవాడు తుపాకీ ఉంచుకోకూడదన్న నిషేధమూ అప్పటిదే. దాన్ని సుప్రీంకోర్టు 2024లో రహీమీ కేసులో 8-1తో సమర్థించింది.

మరి ఉత్తర్వు ఉన్నా పోలీసులు పట్టించుకోకపోతే? 1999లో కొలరాడోలో ఒక తండ్రి ఉత్తర్వును మీరి ముగ్గురు కూతుళ్లను తీసుకెళ్లాడు. తల్లి రాత్రంతా పోలీసులను వేడుకున్నా వాళ్లు కదల్లేదు, పిల్లలు హతమయ్యారు. ఉత్తర్వును అమలు చేయించుకునే రాజ్యాంగ హక్కు ఆమెకు లేదని సుప్రీంకోర్టు 2005లో చెప్పింది. చిన్న మెసేజ్‌కే అరెస్టేమిటని అడిగేవారు ఈ తల్లిని గుర్తుంచుకోవాలి.

అయితే నిందితుడి పక్షాన కూడా చట్టం కొంత కదిలింది. 2023లో కౌంటర్‌మన్ కేసులో, మాటలను బెదిరింపుగా శిక్షించాలంటే అవి బెదిరింపుగా తోచే ప్రమాదం బాగా ఉందని తెలిసీ అతను లెక్కచేయలేదని ప్రాసిక్యూషన్ చూపాలని సుప్రీంకోర్టు 7-2తో తేల్చింది. ఎదుటివారు భయపడ్డారన్నదొక్కటే సరిపోదు.

మనవాళ్లను ఎక్కువగా దెబ్బతీసేది 1996 నాటి ఇమిగ్రేషన్ చట్టం. అది స్టాకింగ్ కేసులో దోషిగా తేలడాన్ని దేశం నుంచి పంపించడానికి కారణాల్లో చేర్చింది. దాంతో పాటే, ఉత్తర్వులో హింస, పదేపదే వేధింపు, గాయాల నుంచి కాపాడే భాగాన్ని మీరినట్టు కోర్టు నిర్ధారించడం కూడా కారణమే అంది. రెండో దానికి క్రిమినల్ శిక్ష పడాల్సిన పని లేదని ఇమిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు 2017లో స్పష్టం చేసింది. సంప్రదించరాదన్న షరతును మీరడమూ ఇందులోకే వస్తుందని 2011లోనే చెప్పింది. కొట్టడం, బెదిరించడం జరగకపోయినా, ఫోన్ చేయడమే కొంప ముంచగలదన్నమాట.

“ఆమే ముందు మెసేజ్ పెట్టింది, జవాబిచ్చాను” అని చాలామంది అంటారు. ఉత్తర్వు కట్టేసేది అతన్నే. రక్షణ పొందిన వ్యక్తితో సహా ఎవరూ దాన్ని మీరడానికి అనుమతి ఇవ్వలేరని టెక్సాస్ ఉత్తర్వుల్లోనే రాసి ఉంటుంది. మార్చగలిగేది కోర్టు మాత్రమే. పిల్లల గురించి, పాస్‌పోర్టు గురించి చెప్పవలసింది ఉంటే లాయర్ ద్వారా చెప్పాలి, లేదా కోర్టు అనుమతించిన దారిలో చెప్పాలి. వియ్యాలవారి మధ్య రాజీ కూడా ఆ దారినే సాగాలి. ఇండియాలోని తల్లిదండ్రులకు ఈ సంగతి మొదటిరోజే చెప్పకపోతే, కొడుకు మీద ప్రేమతోనే వాళ్లు అతని కేసును పాడుచేస్తారు.

విచారణ వాయిదాకు వెళ్లకపోతే అతను లేకుండానే తుది ఉత్తర్వు రావచ్చు. వెళ్లి నోటికొచ్చిందల్లా చెబితే, ఆ వాంగ్మూలం తర్వాత క్రిమినల్ కేసులో అతని మీదకే రావచ్చు. మౌనంగా ఉంటే సివిల్ జడ్జి దాన్నీ అతనికి వ్యతిరేకంగా తీసుకోవచ్చు. అందుకే ఆ మొదటి రెండు వారాల్లోనే లాయర్ కావాలి. పాత మెసేజ్‌లు చెరిపేయకుండా ఆయన చేతికివ్వాలి.

ఆ లాయర్‌కు క్రిమినల్ చట్టం తెలిస్తే చాలదు. నలభై ఏళ్లుగా అమెరికాలో చట్టబద్ధంగా ఉన్న, వియత్నాం యుద్ధంలో పనిచేసిన హోసే పాడియా అనే వ్యక్తి, ఇన్నేళ్లున్నావు కాబట్టి ఇమిగ్రేషన్ సమస్య రాదన్న లాయర్ మాట నమ్మి గంజాయి రవాణా కేసులో నేరం ఒప్పుకున్నాడు. అది తప్పుడు సలహా. ఒప్పుకోలు వల్ల దేశం విడవాల్సి వచ్చే ప్రమాదాన్ని లాయర్ ముందే చెప్పి తీరాలని 2010లో సుప్రీంకోర్టు ఆ కేసులోనే తీర్పిచ్చింది. టెక్సాస్‌లో ‘డిఫర్డ్ అడ్జుడికేషన్’ అనే బేరం తరచూ ముందుకొస్తుంది. నేరం ఒప్పుకుని షరతులు పాటిస్తే, శిక్ష పడినట్టు రాష్ట్రం రాసుకోదు. ఇమిగ్రేషన్ చట్టం మాత్రం 1996 నుంచి దాన్ని శిక్షగానే లెక్కపెడుతోంది. సంతకం పెట్టే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌కు ఆ కాగితం చూపించమని అడగడానికి నిందితుడికి పూర్తి హక్కుంది, సమయం కూడా ఇమ్మని కోర్టును కోరవచ్చు.