ఫొటోలో అడ్డొచ్చినవి తీసేయడం: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఏఐ వచ్చేసింది కదా, ఒక్క క్లిక్‌తో పోతుంది.

వాస్తవం: ఆకాశంలో తీగ, ఇసుకలో కాగితం ముక్క అయితే నిజమే. కానీ తీసేసిన వస్తువు వెనక అసలేముందో ఏ టూల్‌కీ తెలియదు. 2010లో ఫొటోషాప్ సీఎస్5తో వచ్చిన కంటెంట్ అవేర్ ఫిల్, అదే ఫొటోలోని మిగతా భాగాలు తెచ్చి అతుకుతుంది. 2023లో వచ్చిన జెనరేటివ్ ఫిల్ ఏకంగా కొత్తది పుట్టిస్తుంది. వెనకున్న మనిషిని తీసేయమంటే ఒక్కోసారి ముక్కూమొహం తెలియని ఇంకో మనిషిని తెచ్చి నిలబెడుతుంది! సెలక్షన్‌లో, అంటే తీసేయడానికి గీసి ఎంచుకునే భాగంలో, నీడను కూడా కలిపితే ఈ బెడద చాలావరకు తగ్గుతుంది. నీడ మిగిలితే, దానికో మనిషి ఉండాలనుకుంటుంది మరి.

అపోహ: ఫొటోషాప్‌లో హీలింగ్ బ్రష్ అనే టూల్ ఉండగా క్లోన్ స్టాంప్ టూల్ ఎందుకు?

వాస్తవం: నేను ఎక్కువగా వినేది ఇదే. క్లోన్ స్టాంప్ పిక్సెల్స్‌ని ఉన్నవి ఉన్నట్టు కాపీ చేస్తుంది. హీలింగ్ బ్రష్ ఒకచోటి టెక్స్చర్ (పైపొర తీరు) తెచ్చి, పెట్టిన చోటి రంగుకు, వెలుతురుకు తగ్గట్టు సర్దుతుంది. మొహం మీది మొటిమకు దాన్ని మించింది లేదు. అదే బ్రష్‌ని నల్లటి జుట్టు అంచున వాడితే నలుపు పక్కకు పాకి మరక పడుతుంది. అంచుల దగ్గర క్లోన్ స్టాంపే నయం, అదీ బ్రష్ మరీ మెత్తగా పెట్టకుండా. గడ్డి, ఇటుకల మీద పనిచేసేటప్పుడు శాంపిల్ చోటు, అంటే కాపీ తీసుకునే చోటు, మారుస్తూ ఉండాలి. ఒకే గడ్డిపోచ మూడుచోట్ల కనిపిస్తే దొరికిపోతాం.

అపోహ: వస్తువు కనపడకపోతే పని అయిపోయినట్టే.

వాస్తవం: నీళ్లలోనో అద్దంలోనో దాని ప్రతిబింబం ఉందేమో చూడండి. నింపిన చోట గ్రెయిన్ (ఫొటోలో ఉండే సన్నటి చుక్కల గరుకు) లేకుండా నున్నగా ఉంటే, ప్రింట్‌లో అక్కడే కన్ను ఆగుతుంది. 100 శాతం జూమ్‌లో ఒకసారి, ఫొటో మొత్తాన్ని చిన్నగా చేసి మరోసారి చూడాలి.

అపోహ: అసలు ఫొటో మీదే చేస్తే తొందరగా అవుతుంది.

వాస్తవం: ఫొటో మీద ఖాళీ లేయర్ (పారదర్శకమైన పొర) తీసుకుని, టూల్‌లోని శాంపిల్ సెట్టింగ్‌ని 'కరెంట్ అండ్ బిలో'కి (ఈ లేయర్, దాని కిందివి) మార్చండి. నచ్చకపోతే ఆ లేయర్ తీసేస్తే సరి. అసలు అంచున ఉన్న చెత్తకు ఇదంతా ఎందుకు, క్రాప్ చాలు.

అపోహ: చిన్నది తీసేస్తే తప్పేముంది?

వాస్తవం: ఇంటి ఫొటో అయితే మీ ఇష్టం. వార్తా ఫొటోలో కుదరదు. 2010లో వరల్డ్ ప్రెస్ ఫొటో పోటీలో బహుమతి వచ్చిన ఒక ఫొటోల వరుసను తర్వాత అనర్హమైనదిగా తేల్చారు. అందులోని ఒక ఫొటోను ఆ ఫొటోగ్రాఫర్ చాలా భాగం క్రాప్ చేశారు, నలుపు తెలుపుగా మార్చారు. అభ్యంతరం వాటికి రాలేదు. వెనక నుంచి కనిపిస్తున్న ఎవరిదో పాదం కొనను చెరిపేసినందుకు వచ్చింది.