బజ్జీల నూనెతో ఆయిలింజను

రాత్రి బజ్జీల బండి కట్టేసే వేళకు బాణలి అడుగున రెండు మూడు లీటర్ల నూనె మిగులుతుంది. తిరుపతిలో బస్టాండు చుట్టూ, రైల్వే స్టేషన్ ఎదురుగా, రేణిగుంట రోడ్డు పొడుగునా ఇలాంటి బాణళ్లకు కొదవ లేదు. చాలామంది ఆ నూనెను పారబోయరు. మర్నాడు దాని మీదే కొత్త పామాయిల్ పోసి పొయ్యి వెలిగిస్తారు. కాగీ కాగీ అది నల్లబడుతుంది, చిక్కబడుతుంది, నురగ కడుతుంది. ఇది ఒంటికి మంచిది కాదని తినేవాళ్లకూ తెలుసు, వేయించేవాళ్లకూ తెలుసు. ఎక్కడ ఆపాలన్నదే తేలేది కాదు. ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2018 జులై 1 నుంచి ఒక గీత గీసింది: నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్స్ 25 శాతం దాటితే దాంతో ఇక వండకూడదు. వేడికి, తేమకు, గాలికి నూనె చెడి పుట్టే పదార్థాలన్నీ ఈ లెక్కలోకి వస్తాయి. అదే ఏడాది ఆగస్టులో, ఇలా పనికిరాకుండా పోయిన నూనెను సేకరించి బయోడీజిల్‌కు, అంటే నూనెల నుంచి చేసే డీజిల్ లాంటి ఇంధనానికి, మళ్లించే ‘రూకో’ కార్యక్రమం మొదలైంది.

అప్పటికే ఇంట్లో బయోడీజిల్ చేసుకుని బండి నడపొచ్చన్న మాట చాలా దూరం పాకింది. వీడియోల్లో చూస్తే పెరుగు తోడుపెట్టినంత తేలికగా ఉంటుంది. నిజంగానే అందులోని రసాయన చర్య తేలిక. దానికి ముందు నూనె సంగతి తెలుసుకోవడం, తర్వాత వచ్చినదాన్ని శుభ్రం చేయడం, ఈ రెండింట్లోనే అసలు పని ఉంది. దాన్ని ఏ ఇంజన్‌లో పోస్తున్నామన్నది మూడో సంగతి. అత్తారింటి నుంచి వచ్చిన కొత్త కారులో పోయడానికి మాత్రం ఇది కాదు.

అసలు నూనెను నేరుగా ట్యాంకులో పోస్తే ఏమవుతుంది? 1900లో పారిస్ ప్రపంచ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజన్‌ను చెనిక్కాయ నూనెతో నడిపి చూపించారు. ఇంజన్ కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిలే తర్వాత ఈ సంగతి రాశాడు. నడిచిన మాట నిజమే, కానీ చిక్కు నూనె చిక్కదనంలో ఉంది. 40 డిగ్రీల దగ్గర కొలిస్తే వంట నూనెలు డీజిల్ కంటే పదింతలు, అంతకు పైగానే చిక్కగా ఉంటాయి. నాజిల్ డీజిల్‌ను పొగమంచులా చిమ్మాలి. చిక్కటి నూనె పెద్ద చుక్కలుగా పడి, సగం కాలి, నాజిల్ మూతి దగ్గరా పిస్టన్ రింగుల దగ్గరా మసిగా గట్టిపడుతుంది. చెడిందని ఆ రోజే తెలియదు. కొన్ని నెలల తర్వాత స్టార్టింగ్ ట్రబుల్, నల్ల పొగ, ఆపైన పంపు నాజిల్ షాపు బిల్లు.

కాబట్టి ఇంజన్‌ను మార్చడం కన్నా నూనెనే పలచన చేయడం మేలు. నూనె అణువు మూడు జడకుచ్చులు ఒకే ముడికి వేలాడినట్టు ఉంటుంది. ముడి గ్లిజరిన్, కుచ్చులు పొడవాటి కొవ్వు ఆమ్లాలు. మిథనాల్ అనే ఆల్కహాల్ పోసి, కొద్దిగా కాస్టిక్ సోడా చేర్చి వేడి చేస్తే ముడి విడిపోతుంది. విడిపోయిన ఒక్కో కుచ్చుకు ఒక్కో మిథనాల్ అణువు తగులుకుంటుంది. అలా ఏర్పడిన మిథైల్ ఎస్టర్లే బయోడీజిల్. చిక్కదనం డీజిల్ దరిదాపులకు దిగుతుంది. గ్లిజరిన్ బరువు కాబట్టి అడుగుకు చేరుతుంది. ఈ చర్య 1853 నుంచే రసాయన శాస్త్రజ్ఞులకు తెలుసు. ఇంధనం కోసం దీన్ని వాడొచ్చని పేటెంటు తీసుకున్నది 1937లో, బ్రస్సెల్స్ విశ్వవిద్యాలయానికి చెందిన షవాన్. మరుసటి ఏడాదే పామాయిల్ నుంచి చేసిన ఇంధనంతో బ్రస్సెల్స్ నుంచి లూవెన్‌కు బస్సు నడిచింది. అంటే ఇది ఈమధ్య వచ్చిన పర్యావరణ ఫ్యాషనేమీ కాదు.

కొలతలు చెప్పుకోవాలంటే, లీటరు నూనెకు సుమారు 200 మిల్లీలీటర్ల మిథనాల్ పోస్తే లీటరుకు కాస్త అటూఇటూగా బయోడీజిల్ వస్తుంది. ఇక్కడే ఒక లెక్క తేలిపోతుంది. మన జిల్లా చెనిక్కాయకు పేరుపడింది. తిరుపతి వ్యవసాయ పరిశోధన స్థానం నారాయణి, ధరణి లాంటి రకాలనే ఇచ్చింది. అయినా గానుగ నుంచి దిగిన నూనెను డీజిల్‌గా మార్చడమంటే చేతి డబ్బు తగలేసుకోవడమే. డీజిల్ కంటే ఆ నూనెకే ధర ఎక్కువ. తినే తిండిని ఇంజన్‌కు పోయడం ఏమిటన్న ప్రశ్న దాకా పోకుండానే లెక్క అక్కడ ఆగిపోతుంది. బాణలిలో చెడిన నూనె ఒక్కటే ఈ పనికి తగింది.

అయితే చెడిన నూనె అంటే చెడిన నూనే. బజ్జీ పిండిలోని నీరు కాగే నూనెలో ఆవిరయ్యేటప్పుడు కొన్ని అణువుల ముడులను తెంపుతుంది. ఊడిపోయిన కుచ్చులు ఫ్రీ ఫ్యాటీ యాసిడ్లుగా తేలుతుంటాయి. వీటికి కాస్టిక్ సోడా తగిలితే సబ్బవుతుంది. ఇంట్లో మొదటిసారి చేసేవాళ్లకు డబ్బాలో డీజిల్ బదులు గోధుమరంగు గంజి కనబడడానికి చాలాసార్లు కారణం ఇదే. అందుకే ప్రతి డబ్బా నూనెకూ ముందు పరీక్ష చేయాలి.

ఆ పరీక్ష ఇంటర్ ల్యాబులో చేసిన టైట్రేషనే, అంటే నూనెలో ఆమ్లం ఎంతుందో క్షారాన్ని చుక్కచుక్కగా వేసి కొలవడం. లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో ఒక గ్రాము కాస్టిక్ సోడా కరిగించి పక్కన పెట్టుకోవాలి. చిన్న గాజు గ్లాసులో 10 మిల్లీలీటర్ల ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తీసుకుని, అందులో ఒక్క మిల్లీలీటరు నూనె కలపాలి. క్షారం తగిలితే గులాబీ రంగుకు మారే ఫినాఫ్తలీన్ రెండు చుక్కలు వేయాలి. అది దొరక్కపోతే వంటింటి పసుపు చాలు, క్షారం తగిలితే అదీ ఎర్రబడుతుంది. పారాణి కలిపిన చేతులకు ఈ రంగు కొత్త కాదు. సూది తీసేసిన సిరంజితో సోడా నీళ్లు ఒక్కో చుక్కే వేస్తూ గ్లాసు తిప్పుతుంటే రంగు వచ్చి పోతుంటుంది. పది పదిహేను సెకన్లు పోకుండా నిలిచిందంటే ఆపి, సిరంజిలో ఎన్ని మిల్లీలీటర్లు తగ్గిందో చూసుకోవాలి. ఒక్కో మిల్లీలీటరుకు లీటరు నూనెకు ఒక గ్రాము సోడా అదనం. కొత్త నూనెకు కావలసిన మామూలు మోతాదు 3.5 గ్రాములు, దీని మీద అది కలపాలి. 3 మిల్లీలీటర్లు దాటిందంటే ఆమ్లాలు 2 శాతం పైబడ్డాయని అర్థం, సబ్బు బాధ మొదలవుతుంది. ఇంకా పెరిగితే ముందు సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో మరో విడత చేయాలి. నన్నడిగితే అంతగా మాగిన నూనెను సేకరించే ఏజెన్సీకి ఇచ్చేయడమే నయం. మాడిన కారం, శనగపిండి మరకలతో నూనె మరీ నల్లగా ఉంటే గ్లాసులో రంగే సరిగా కనబడదు. అది కూడా ఒక రకంగా జవాబే.

నీటి సంగతి ఇంకా తేలిక. వేడి పెనం మీద ఒక చెంచా నూనె వేస్తే చిటపటమందంటే అందులో నీరుంది. 100 డిగ్రీలు దాటే దాకా కాచి, నీరు పోగొట్టి, చల్లార్చాకే మిగతా పని. వేడి నూనెలో మిథనాల్ పోస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. అది దాదాపు 65 డిగ్రీలకే మరుగుతుంది. చర్యకు 55 డిగ్రీల దగ్గర గంటసేపు కలుపుతూ ఉంటే సరిపోతుంది. తర్వాత రాత్రంతా కదపకుండా వదిలేస్తే పైన తేనె రంగులో ఎస్టరు, కింద ముదురు గోధుమ రంగులో గ్లిజరిన్, మధ్యలో గీత గీసినట్టు కనిపిస్తుంది.

ఇక్కడ మిథనాల్ గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. కల్తీ సారా తాగి జనం చనిపోయారు, చూపు పోయింది అన్న వార్తల వెనుక ఉండేది ఎక్కువగా ఇదే. తాగనక్కర్లేదు, చర్మం గుండానూ ఆవిరి ద్వారానూ ఒంట్లోకి పోతుంది. దాని మంట పగటి వెలుగులో దాదాపు కనపడదు. మిథనాల్‌లో కాస్టిక్ సోడా కరిగించినప్పుడు వచ్చే మిశ్రమం కళ్లలో పడితే చూపుకే ముప్పు. దీని నిల్వకూ అమ్మకానికీ లైసెన్సు నిబంధనలున్నాయి, వాటిని తెలుసుకోకుండా డ్రమ్ము తెచ్చి పెట్టుకోకూడదు. గ్యాస్ పొయ్యి ఉన్న వంటింట్లో, పిల్లలు తిరిగే మేడ మీద చేసే పని కాదిది. ఊరి బయట షెడ్డు, గాలి, రబ్బరు గ్లోవ్స్, కళ్లద్దాలు, దగ్గర్లో నీళ్ల తొట్టి ఉండాలి. మంట దగ్గర్లో ఉండకూడదు, వేడికి కరెంట్ హీటరు, అదీ మూత ఉన్న పాత్రలో. ఇంకో మాట. ఈ మిథనాల్ ఎక్కువగా సహజవాయువు, బొగ్గు నుంచే వస్తుంది. ఒలేయిక్ ఆమ్లం నుంచి వచ్చిన ఎస్టరులో 19 కార్బన్లుంటే అందులో ఒకటి మిథనాల్‌దే. కాబట్టి ఇది నూటికి నూరు పాళ్లు చెట్టు నుంచి వచ్చిందనడం కుదరదు.

గ్లిజరిన్ వంపేశాక పైనున్నది చూడ్డానికి బాగుంటుంది గానీ, అందులో సబ్బు, సోడా, మిథనాల్ ఇంకా ఉంటాయి. నీళ్లతో కడగాలి. మొదటిసారి గట్టిగా కుదిపితే తెల్లటి మజ్జిగైపోయి రోజుల తరబడి విడిపోదు. నెమ్మదిగా నీళ్లు చిలకరించి, దించి, మళ్లీ చిలకరించాలి. మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. ఆ కాల్షియం సబ్బుతో కలిసి ఇంధనంలోనే ఉండిపోతుంది కాబట్టి వాన నీరో, మెత్తటి నీరో వాడాలి. ఆ తర్వాత వేడి చేసి తడి పోగొడితే అద్దంలా తేటపడుతుంది. తయారైందా లేదా అన్నదానికి ఒక చిన్న పరీక్ష ఉంది. 27 మిల్లీలీటర్ల మిథనాల్‌లో 3 మిల్లీలీటర్ల బయోడీజిల్ పోసి కలిపితే తేటగా కరిగిపోవాలి. అడుగున చుక్కలు చేరాయంటే మారని నూనె మిగిలింది, మళ్లీ మొదటికే.

ఇక ఇంజన్ సంగతి. బయోడీజిల్ మంచి ద్రావకం. పాత ట్యాంకులో ఏళ్లుగా పట్టిన మడ్డి అంతా కరిగించి తెచ్చి ఫిల్టర్‌లో కూర్చోబెడుతుంది. మొదటి వారాల్లో ఫిల్టర్లు మాటిమాటికీ మార్చాల్సి రావచ్చు. పాత బండ్ల రబ్బరు పైపులు ఉబ్బి మెత్తబడతాయి. లీటరుకు శక్తి డీజిల్ కంటే 8 శాతం దాకా తక్కువ, మైలేజీ కాస్త పడిపోతుంది. చలి ఇంకో బాధ. బజ్జీల బండ్లలో ఎక్కువగా పామాయిలే, దాని ఎస్టరు 15 డిగ్రీల దగ్గర మసకబారి గడ్డకట్టడం మొదలెడుతుంది. చెనిక్కాయ నూనెదీ అదే గుణం. తిరుపతిలో దీంతో పెద్ద పేచీ ఉండదు గానీ, జనవరి తెల్లవారుజామున హార్సిలీ కొండల వైపు బయల్దేరితే ఫిల్టర్ మూసుకుపోయే అవకాశం ఉంది. బీఎస్-6 కార్లలో వేరే చిక్కు. పొగ వడపోసే ఫిల్టర్‌ను శుభ్రం చేయడానికి ఆ ఇంజన్లలో కొన్ని అదనంగా ఇంధనం చిమ్ముతాయి. తొందరగా ఆవిరవని బయోడీజిల్ సిలిండర్ గోడల వెంట జారి ఇంజనాయిల్‌లో కలిసి పలచన చేస్తుంది. వారంటీ పోతుందన్న టెన్షన్ దీనికి అదనం.

మంచి వైపు కూడా ఉంది. గంధకం దాదాపు సున్నా. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 2002లో వేసిన లెక్క ప్రకారం పెద్ద ఇంజన్లలో పూర్తి బయోడీజిల్ వాడితే పొగలోని రేణువులు 47 శాతం, కార్బన్ మోనాక్సైడ్ 48 శాతం తగ్గుతాయి. నైట్రోజన్ ఆక్సైడ్లు మాత్రం 10 శాతం పెరుగుతాయి. కల్యాణ మండపం వెనక జనరేటర్ పక్కన వంట చేసేవాళ్లను అడిగితే, రేణువులు తగ్గడమంటే ఏమిటో వాళ్లే చెబుతారు.

దేశం మొత్తం మీద చూస్తే ఈ కథలో ఆశ ఎక్కువ, ఫలితం తక్కువ. 2000ల్లో జట్రోఫా అనే నూనె గింజల మొక్క మీద ఊరూరా ఆశలు పెట్టుకున్నారు. 2009 జాతీయ జీవ ఇంధన విధానం 2017కల్లా డీజిల్‌లో 20 శాతం బయోడీజిల్ కలపాలంది. జట్రోఫా కాయలేదు, లక్ష్యమూ నెరవేరలేదు. 2018 విధానం దాన్ని 2030కి 5 శాతానికి దించింది. మన రోడ్ల పక్కన నీడనిచ్చే కానుగ మాత్రం కొంత పరువు నిలిపింది. అప్పటి ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడ మహిళలు కానుగ నూనెతో ఆదా అయ్యే 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు 2003లో ప్రపంచ బ్యాంకు నుంచి డబ్బు తీసుకున్నారు.

మన దగ్గర దీనికి సరైన చోటు పొలాల్లో ఉంది. బావుల మీద కరెంట్ మోటార్లు రాకముందు నీళ్లు తోడిన ఆయిలింజన్లు ఇంకా కొన్ని పశువుల కొట్టాల్లో గోనె కప్పుకుని ఉన్నాయి. నెమ్మదిగా తిరిగే ఈ మొరటు ఇంజన్లు ఇంధనం కాస్త అటూఇటైనా సర్దుకుంటాయి. రోజుకు రెండు లీటర్లు మిగిలే బండి ఒకటి అనుకుంటే నెలకు 60 లీటర్లు. 5 హార్స్‌పవర్ ఇంజన్ గంటకు లీటరుకు కాస్త పైన తాగుతుంది కాబట్టి 50 గంటల పైన నీళ్లు. మొదట డీజిల్‌లో 20 శాతం మించకుండా కలిపి, స్పేర్ ఫిల్టర్ ఒకటి దగ్గర పెట్టుకుని మొదలెట్టాలి. చేసిన ఇంధనాన్ని తెలిసినవాళ్లకు అమ్మే ఆలోచన పెట్టుకోవద్దు, దానికి వేరే అనుమతులు కావాలి. అడుగున మిగిలిన గ్లిజరిన్‌తో చేతి సబ్బు చేద్దామనుకునేవాళ్లు ముందు అందులోని మిథనాల్‌ను పూర్తిగా పోగొట్టాలి, అది షెడ్డులో మూతపెట్టిన పాత్రలో చేసే పని. అది చేతకాకపోతే ఆ గ్లిజరిన్‌ను మురుగు కాలువలో పోయకుండా, రసాయన వ్యర్థాలు తీసుకునేవాళ్లకే అప్పగించాలి.