రెజ్యూమే గురించి అపోహలు - వాస్తవాలు: ఏటీఎస్ భయం నుంచి అమీర్‌పేట 'ఎక్స్‌పీరియన్స్' దాకా

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్, టెక్నికల్ సపోర్ట్ ఉద్యోగాలకు మనుషుల్ని ఎంపిక చేసే పనిలో ఉన్నాను. నా ముందుకు వచ్చే రెజ్యూమేల్లో ఎక్కువ భాగం తెలుగు జిల్లాల పిల్లలవే. ఇంజినీరింగో డిగ్రీనో అయిపోయాక అమీర్‌పేటలోనో కూకట్‌పల్లిలోనో హాస్టల్లో దిగి, కోర్సు నేర్చుకుని, ఉద్యోగం కోసం తిరుగుతుంటారు. వాళ్లలో చాలామందికి పని వచ్చు. రెజ్యూమే చూస్తే మాత్రం ఆ సంగతి తెలియదు. పేరు, ఫోన్ నంబర్ చెరిపేస్తే ఏది ఎవరిదో చెప్పలేం.

ఈమధ్య 'పర్సనల్ బ్రాండ్' అన్న మాట బాగా వినిపిస్తోంది. అదంటే రంగురంగుల టెంప్లేట్, రోజుకో లింక్డ్‌ఇన్ పోస్టు అనుకునేవాళ్లు ఎక్కువ. నా దృష్టిలో బ్రాండ్ అంటే, మీరు గదిలో లేనప్పుడు కూడా "ఈ పని ఆ అమ్మాయికి ఇవ్వండి, చేస్తుంది" అని ఇంకొకరు ధైర్యంగా అనగలగడం. ముక్కూమొహం తెలియని మనిషికి ఆ నమ్మకం మొదట కలిగేది రెజ్యూమే చూసినప్పుడే. అందుకే దాని చుట్టూ తిరిగే తప్పుడు మాటలు వింటుంటే బాధేస్తుంది.

అపోహ: నూటికి 75 రెజ్యూమేలను మనిషి చూడకముందే ఏటీఎస్ (అప్లికెంట్ ట్రాకింగ్ సిస్టమ్) సాఫ్ట్‌వేర్ తీసి పారేస్తుంది.

ఈ 75 శాతం అంకె చాలా ఏళ్లుగా చలామణిలో ఉంది. అది ఏ అధ్యయనంలో తేలిందని అడిగితే ఎవరూ చూపించరు. "మీ ఏటీఎస్ స్కోరు పెంచుతాం" అని డబ్బు తీసుకునేవాళ్లకు మాత్రం బాగా పనికొస్తోంది.

ఏటీఎస్ ప్రధానంగా అప్లికేషన్లను భద్రపరిచి, వెతుక్కోవడానికి వీలుగా ఉంచే వ్యవస్థ. వర్క్‌డే, టాలియో, గ్రీన్‌హౌస్ లాంటివి ఈ కోవలోవే. మీ ఫైల్లోంచి పేరు, కంపెనీలు, తేదీలు, స్కిల్స్ తీసి విడివిడి గడుల్లో పెడుతుంది. తర్వాత మాలాంటివాళ్లం అందులో వెతుకుతాం. మనిషి ప్రమేయం లేకుండా తిరస్కారం జరిగేది ఎక్కువగా దరఖాస్తు ఫారంలోని ప్రశ్నల దగ్గరే: ఎన్నేళ్ల అనుభవం, నోటీస్ పీరియడ్ ఎంత, ఫలానా ఊళ్లో పనిచేస్తారా, విదేశాల్లో అయితే వర్క్ పర్మిట్ ఉందా. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఉద్యోగానికి ఎంత దగ్గరగా ఉన్నారో చూసి వరస కూడా పెడతాయి. అప్లికేషన్లు మరీ ఎక్కువ వస్తే వరసలో కిందున్నవాళ్ల దాకా మేం వెళ్లలేకపోవడం నిజమే.

కాబట్టి భయపడేకన్నా ఒక చిన్న పరీక్ష చేసుకోండి. మీ పీడీఎఫ్ తెరిచి, మొత్తం సెలెక్ట్ చేసి, కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. అక్కడ మీకు అర్థమయ్యేలా కనిపిస్తే సాఫ్ట్‌వేర్‌కూ దాదాపు అలాగే కనిపిస్తుంది. రెండు కాలమ్‌ల టెంప్లేట్ అయితే ఎడమవైపు స్కిల్స్, కుడివైపు ఉద్యోగాలు ఒకే లైనులో కలిసిపోవచ్చు. హెడర్‌లో పెట్టిన ఫోన్ నంబర్ కొన్నిసార్లు అసలు రాదు. డిజైన్ యాప్‌లో చేసి బొమ్మగా సేవ్ చేస్తే అక్కడ ఒక్క అక్షరం కూడా ఉండదు. జావాకు నాలుగు స్టార్లు, పైథాన్‌కు మూడు స్టార్లు వేసుకున్నవాళ్ల స్టార్లు ఎటూ పనికిరావు. మనిషి చూసినా, నాలుగు స్టార్లంటే ఏమిటో చెప్పలేడు.

ప్రకటనలో 'స్ప్రింగ్ బూట్' అని ఉంది, మీకూ అది వచ్చు. అయినా రెజ్యూమేలో 'జావా ఫ్రేమ్‌వర్క్స్' అని రాస్తే వెతికేటప్పుడు మీరు దొరకరు. వచ్చిన పనిని ప్రకటనలో ఉన్న పేరుతోనే రాయండి. రాని వాటిని తెల్లరంగు అక్షరాల్లో దాచి పెట్టమని చెప్పేవాళ్లున్నారు. సాఫ్ట్‌వేర్ రంగును పట్టించుకోదు, ఆ మాటలన్నీ మా స్క్రీన్ మీద నల్లగానే వస్తాయి. ఆ తర్వాత మీరు రాసిన మిగతా లైన్లను కూడా అనుమానంగానే చదువుతాం.

అపోహ: రిక్రూటర్ ఆరు సెకన్లే చూస్తాడు, ఏం రాసినా ఒకటే.

అమెరికాలోని ల్యాడర్స్ అనే ఉద్యోగాల సంస్థ రిక్రూటర్ల కంటిచూపును పరిశీలించి 2012లో 6 సెకన్లని చెప్పింది. 2018లో మళ్లీ చూసి 7.4 సెకన్లంది. అది మొదటి వడపోతకు పట్టే సమయం. ఆ కాసేపట్లో కన్ను పడేది పేరు, ఇప్పటి ఉద్యోగం, కంపెనీ, తేదీలు, చదువు మీద. అక్కడ నిలబడినవాటిని మళ్లీ చదువుతాం. ఇంటర్వ్యూ ప్యానెల్‌లో కూర్చునే ఇంజినీర్ ఇంకా నిదానంగా, ఒక్కో లైను కింద గీతలు గీసుకుంటూ చదువుతాడు. మీరు రాసిన ప్రతి లైనూ ఆయన చేతిలో ఒక ప్రశ్నే.

అపోహ: ఫ్రెషర్‌ని ఎవరూ పిలవరు, రెండు మూడేళ్ల దొంగ అనుభవం 'పెట్టుకోవాల్సిందే'.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ ఇది. కోర్సు అయిపోయిందో లేదో, "ఎక్స్‌పీరియన్స్ లెటర్, పేస్లిప్పులు, రిలీవింగ్ లెటర్ అన్నీ మేం చూసుకుంటాం" అని ఎవరో ఒకరు వస్తారు. హాస్టల్లో పక్కమంచం అబ్బాయికి అలాగే ఉద్యోగం వచ్చిందంటారు. ఇంట్లో అప్పు గుర్తొస్తుంది. ఆ టెన్షన్‌లో చాలామంది ఒప్పుకుంటారు. వాళ్ల పరిస్థితి నాకు అర్థమవుతుంది. అయినా వద్దనే చెబుతాను.

2014లో పీఎఫ్ చూసే ఈపీఎఫ్‌వో సంస్థ ఉద్యోగికి ఒకే శాశ్వత నంబరు, అంటే యూఏఎన్, తెచ్చాక మీ ఉద్యోగ చరిత్ర అంతా ఒకే నంబరు కిందికి వచ్చింది. ఏ సంస్థ ఏ నెల నుంచి ఏ నెల దాకా పీఎఫ్ కట్టిందో పాస్‌బుక్‌లో ఉంటుంది. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దాన్ని, మీ పేరు మీద కట్టిన పన్ను వివరాలుండే ఫారం 26ఏఎస్‌ను అడగడం ఇప్పుడు మామూలైపోయింది. కాగితాల మీద మాత్రమే ఉండే కంపెనీల జాబితాలను పెద్ద సంస్థలు తయారు చేసి పెట్టుకుంటాయి. మీకు లెటర్లు ఇచ్చిన కన్సల్టెన్సీ వాడిన కంపెనీ పేరు ఇవాళ ఆ జాబితాలో లేకపోయినా, రేపు మీరు ఉద్యోగంలో చేరాక రావచ్చు. బోగస్ కంపెనీల లెటర్లతో చేరినవాళ్లను తొలగించామని 2022 నవంబరులో యాక్సెంచర్ ఇండియా బహిరంగంగానే ప్రకటించింది. అలా బయటికి వచ్చినవాళ్లు పోగొట్టుకునేది ఆ ఉద్యోగాన్ని మాత్రమే కాదు. అక్కడ నిజంగా చేసిన పని కూడా తర్వాత చెప్పుకోలేరు.

ఇంకో సంగతి. మూడేళ్లు పెట్టుకుంటే మిమ్మల్ని ఇంటర్వ్యూ చేసేదీ మూడేళ్ల అనుభవం అడిగే ప్యానెలే. "ప్రొడక్షన్‌లో సర్వర్ పడిపోతే ముందు ఏం చూశారు?" అన్న ప్రశ్నకు జవాబు ఏ నోట్సులోనూ ఉండదు. ఫ్రెషర్‌గా వస్తే బాగా రాణించే పిల్లలు సీనియర్ ప్రశ్నల ముందు తెల్లమొహం వేయడం చూస్తుంటాను. ఆ రోజు నుంచి వాళ్లకు తమ మీద తమకే నమ్మకం పోతుంది.

మరి ఫ్రెషర్ ఏం రాయాలి? ఇనిస్టిట్యూట్ ఇచ్చిన లైబ్రరీ మేనేజ్‌మెంట్, ఆన్‌లైన్ షాపింగ్ ప్రాజెక్టులే అందరి రెజ్యూమేల్లోనూ ఉంటాయి, అక్షరం తేడా లేకుండా. ఆ బ్యాచ్ మొత్తానికీ ఒకటే వివరణ. దానికి బదులు మీ చుట్టూ ఉన్న అసలు అవసరాన్ని తీసుకోండి. ఉదాహరణకు మీ నాన్నకు ఎరువుల దుకాణం ఉందనుకుందాం. "దుకాణం లెక్కల్లో సాయం చేశాను" అని రాస్తే ఎవరూ ఆగరు. "ఖాతా పుస్తకంలో ఉన్న 300 మంది రైతుల బాకీలను ఎక్సెల్‌లోకి ఎక్కించాను. ఊరివారీగా ఎవరు ఎంత ఇవ్వాలో ఒక్క క్లిక్‌లో తెలిసేలా చేశాను. ఆ షీటునే ఇప్పటికీ దుకాణంలో వాడుతున్నారు" అని రాస్తే నేను ఫోన్ చేస్తాను. ఒకే పేరుతో ఇద్దరు రైతులుంటే ఏం చేశారని అడుగుతాను. మీరు నిజంగా చేసుంటే ఈ ప్రశ్న మీకు ఇష్టమైన ప్రశ్న అవుతుంది. తండ్రి పేరు కూడా చేర్చానంటారు, ఫోన్ నంబర్ చేర్చానంటారు. డేటాబేస్‌లో ప్రైమరీ కీ అంటే, ఒక్కో రికార్డును విడిగా గుర్తించే వివరం అంటే, ఏమిటో మీకు అప్పటికే తెలుసని నాకు అర్థమవుతుంది.

ప్రతి లైనులో ఏం చేశారు, ఎంతమందికి, దాంతో ఏం మారింది అన్నవి ఉండాలి. అంకె తెలియకపోతే కల్పించొద్దు. మారిన సంగతి మాటల్లో చెప్పినా చాలు.

అపోహ: రెజ్యూమే ఒక్క పేజీ దాటకూడదు.

ఫ్రెషర్‌కు ఒక పేజీ సరిపోతుంది. ఏడెనిమిదేళ్ల అనుభవం ఉంటే రెండు పేజీలు తప్పు కాదు. ఒక్క పేజీలో ఇరికించాలని అక్షరాల సైజు ఎనిమిదికి దించడం మాత్రం ఘోరం.

అపోహ: ఫొటో, తండ్రి పేరు, మతం, పూర్తి చిరునామా, కింద డిక్లరేషన్ లేకపోతే అది రెజ్యూమే కాదు.

ఇవి ప్రభుత్వ దరఖాస్తుల నుంచి, పాతకాలపు బయోడేటా నుంచి వచ్చినవి. ప్రైవేటు ఉద్యోగానికి పేరు, ఫోన్, మెయిల్, ఊరు, లింక్డ్‌ఇన్ లింకు చాలు. ఆధార్, పాన్, పాస్‌పోర్టు నంబర్లు అసలు రాయకండి. మీ రెజ్యూమే ఎన్ని చేతులు మారుతుందో మీకు తెలియదు. ఉద్యోగం ఇప్పిస్తామని ప్రాసెసింగ్ ఫీజు అడిగే మోసగాళ్ల చేతికీ వెళ్తుంది. మాస్టర్స్ చేసి అమెరికాలో ప్రయత్నిస్తున్నవాళ్లు ఫొటో, పుట్టినతేదీ, పెళ్లి వివరాలు తప్పకుండా తీసేయాలి. వివక్ష ఆరోపణలు రాకుండా అక్కడి కంపెనీలు వాటిని చూడడానికే ఇష్టపడవు. జర్మనీలో ఫొటో పెట్టే అలవాటు ఇంకా ఉంది, 2006 నాటి సమానత్వ చట్టం తర్వాత అది తప్పనిసరి మాత్రం కాదు.

అపోహ: చాట్‌జీపీటీతో రాయిస్తే ఇంగ్లిష్ బాగుంటుంది, కాబట్టి రెజ్యూమే బాగుంటుంది.

వ్యాకరణం దిద్దించుకోండి, తప్పులేదు. తెలుగు మీడియంలో చదివిన పిల్లలకు అది నిజంగా మేలు. కానీ మొత్తం దానికే వదిలేస్తే "ఫలితాలే లక్ష్యంగా పనిచేసే ఉత్సాహవంతుడైన ప్రొఫెషనల్" అనే సారాంశమే అందరికీ వస్తుంది. ముందు మీరేం చేశారో తెలుగులోనే రాసుకోండి, మీ అక్కకో తమ్ముడికో చెప్పినట్టు. తర్వాత దాన్ని చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లోకి మార్చుకోండి. ఇంటర్వ్యూలో పలకలేని మాట రెజ్యూమేలో ఉండకూడదు.

అపోహ: లింక్డ్‌ఇన్‌లో రోజూ రాస్తేనే బ్రాండ్ వస్తుంది.

ఒక్క పోస్టు రాయకుండా మంచి ఉద్యోగాలు చేస్తున్నవాళ్లు ఎందరో. మేం ముందు చూసేది, రెజ్యూమేలో, లింక్డ్‌ఇన్‌లో, ఉద్యోగాల సైటు నౌకరీలో తేదీలు, హోదాలు ఒకేలా ఉన్నాయా అని. ఒకచోట జూన్, ఇంకోచోట ఆగస్టు అని ఉంటే మొదటి ఫోన్ కాల్ అంతా దాని మీదే గడిచిపోతుంది. నౌకరీలో రిక్రూటర్లు ఈమధ్య యాక్టివ్‌గా ఉన్న ప్రొఫైళ్లనే వడకట్టి చూస్తారు, కాబట్టి వెతుకుతున్న రోజుల్లో అప్పుడప్పుడు లాగిన్ అయి వివరాలు సరిచూసుకోండి. హెడ్‌లైన్‌లో 'ఉద్యోగం కోసం చూస్తున్నాను' అని కాకుండా, ఏ పని చేయగలరో రాయండి. గిట్‌హబ్ లింకు ఇస్తే అందులో మీరు రాసిన కోడ్ ఉండాలి. ఖాళీ లింకు ఇవ్వడం కన్నా ఇవ్వకపోవడమే మేలు.

అపోహ: గ్యాప్ ఉంటే దాచేయాలి.

పెళ్లి, పిల్లలు, ఇంట్లో పెద్దవాళ్ల అనారోగ్యం, బ్యాక్‌లాగ్‌లు, గ్రూప్స్ ప్రిపరేషన్. మన ఇళ్లలో గ్యాప్ వచ్చేది ఎక్కువగా వీటివల్లే, వీటిలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. విరామం తర్వాత తిరిగొచ్చే మహిళల కోసం టాటా గ్రూప్ 2008లోనే ప్రత్యేకంగా ఇంటర్న్‌షిప్ పథకం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఇలాంటి 'రిటర్న్‌షిప్'లు చాలా కంపెనీల్లోకి వచ్చాయి, వాటికి గ్యాప్ ఉండటమే అర్హత. తేదీలు సాగదీస్తే పీఎఫ్ రికార్డులో దొరికిపోతారు. దానికి బదులు ఉద్యోగాల వరసలోనే ఆ కాలాన్ని చూపించి, కారణం ఒక లైనులో, తిరిగి రావడానికి ఏం నేర్చుకున్నారో రెండో లైనులో రాయండి. కారణం గురించి అంతకుమించి వివరాలు నాకు అవసరం లేదు. నేను ఫోన్ చేసి మాట్లాడేది రెండో లైను గురించే.