ఒకే మెరుపు, రెండు సరుకులు: ప్లాస్మా నీటి వెనకున్న చరిత్ర

1785లో హెన్రీ కావెండిష్ గొట్టంలోని గాలిలో అదేపనిగా విద్యుత్ రవ్వలు రప్పించాడు. కిందున్న క్షార ద్రావణంలో సురేకారం, అంటే ఒక నైట్రేటు లవణం, తయారైంది. అదే ఏడాది మార్టినస్ వాన్ మారమ్‌కు తన విద్యుత్ యంత్రం దగ్గర ఏదో ఘాటు వాసన తగిలింది. ఆ వాసన తెచ్చే వాయువుకు 1840లో రసాయన శాస్త్రవేత్త షోన్‌బైన్ ఓజోన్ అని పేరు పెట్టాడు. నత్రజని ఆమ్లాలు, ఓజోన్: నీటి శుద్ధికి ప్లాస్మాను (మెరుపులో లాగా విద్యుత్తుతో అయాన్లుగా, ఎలక్ట్రాన్లుగా చీలిన వాయువును) వాడాలనుకునేవాళ్లకు నేటికీ వీటితోనే పని, వీటితోనే చిక్కు.

ముందు గట్టెక్కింది ఓజోన్. 1857లో వెర్నర్ సీమెన్స్ ఎలక్ట్రోడ్ల మధ్య గాజు అడ్డం పెట్టాడు. దాంతో డిశ్చార్జి (వాయువు గుండా కరెంటు దూకడం) ఒకచోట ఆర్క్‌గా, అంటే మండే లావు మెరుపుగా, ముదరదు, సన్నటి పోగులుగా చీలుతుంది. గాలి మరీ వేడెక్కదు కాబట్టి ఓజోన్ నిలుస్తుంది. 1906లో ఫ్రాన్స్‌లోని నీస్ నగరం తాగునీటికి ఓజోన్ పెట్టింది. ఇందులో గాలిని ముందే బాగా ఆరబెట్టాలి. తేమ ఉంటే ఓజోన్ తగ్గడమే కాదు, నైట్రిక్ ఆమ్లం పుట్టి యంత్రాన్నే తినేస్తుంది.

నత్రజని ఎరువుల వైపు పోయింది. 1903లో నార్వేలో బిర్కెలాండ్, ఐడె ఆర్క్‌తో నైట్రేటు తీశారు. కరెంటు ఖర్చు భరించలేక, ఆ పద్ధతి, నత్రజనిని హైడ్రోజన్‌తో కలిపి అమోనియా చేసే హేబర్ పద్ధతి ముందు నిలవలేదు.

నీటిని తాకే ప్లాస్మాలో ఓజోన్‌తో పాటు ఆ ఆమ్లాలూ తప్పవు. సూదిమొనను నీటికి కొన్ని మిల్లీమీటర్ల పైన ఉంచి ఎక్కువ వోల్టేజీ ఇస్తే (గాలిలో కరెంటు దూకడానికి మిల్లీమీటరుకు సుమారు 3 కిలోవోల్టులు లెక్క) నీటి ఆవిరి చీలి చురుకైన హైడ్రాక్సిల్ (OH) రాడికల్స్, వాటి నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడతాయి. నైట్రోజన్ ఆక్సైడ్లు కరిగి నైట్రైట్, నైట్రేట్ అవుతాయి. స్వేదన జలమైతే పీహెచ్ (ఆమ్లత్వపు కొలత; తగ్గితే ఆమ్లత్వం పెరిగినట్టు) 3 దాకా పడిపోతుంది. ఆ ఆమ్లత్వంలో నైట్రైట్, పెరాక్సైడ్ కలిసి పెరాక్సీనైట్రస్ ఆమ్లమవుతాయి. క్షణాల్లో విరిగిపోయే ఈ పదార్థమే సూక్ష్మజీవులను చంపడంలో ముఖ్యం. ముడిసరుకు రెండూ ఉన్నంతసేపూ, కరెంటు ఆపినా చంపుతూనే ఉంటుంది.

చాలా ప్రయోగాలు స్వేదన జలంతోనే చేస్తారు, అందుకే ఫలితాలు అంత ఘనంగా కనిపిస్తాయి. ఆమ్లాన్ని మింగేసే బైకార్బొనేట్ ఉన్న భూగర్భ జలంలో పీహెచ్ కదలదు, పెరాక్సీనైట్రస్ ఆమ్లం పుట్టే ఆ చర్య సాగదు. నీటిలోపలే డిశ్చార్జి పెడితే, ఉప్పునీటిలో పోగు పుట్టకముందే కరెంటు కారిపోయి నీరు వేడెక్కుతుంది. మొనలు అరిగి లోహం నీటిలో కలుస్తుంది. పోనీ మోతాదు పెంచుదామంటే నైట్రేట్‌కు లీటరుకు 50 మిల్లీగ్రాములు, నైట్రైట్‌కు 3 అన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి అడ్డొస్తుంది. శుద్ధి అయ్యాక పైపుల్లో క్లోరిన్‌లా నీటిని కాపు కాసేదీ ఏమీ మిగలదు.

అందుకే ఇప్పుడు చూపు నైట్రేటు పంటకు పనికొచ్చే సాగునీటి మీదా, క్లోరిన్‌కూ ఓజోన్‌కూ లొంగని పీఫాస్ (PFAS: ఫ్లోరిన్ అతుక్కున్న, త్వరగా విరగని కార్బన్ గొలుసుల) రసాయనాల మీదా పడింది. పీఫాస్ అణువులు బుడగల అంచున పేరుకుంటాయి; ఆర్గాన్ బుడగలు పంపి ఆ అంచునే ప్లాస్మా తగిలిస్తే విరుగుతాయి. కార్బన్ గొలుసు పొట్టిగా ఉన్న పీఫాస్ అయితే అంచుకు సరిగా చేరవు, వాటితోనే ఇంకా పేచీ.