రన్‌వే పెరిగింది, చిన్న విమానం మిగల్లేదు

2024 నవంబర్ 9న విజయవాడ పున్నమి ఘాట్ నుంచి సీప్లేన్ శ్రీశైలం వెళ్లి నీళ్లమీద దిగితే సంబరపడ్డాం. అది ప్రయోగాత్మకంగా నడిపిన 14 సీట్ల విమానం. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో చిన్న విమానాన్ని ఇంకా వింతగా చూస్తున్నామంటే, దాని వెనక దశాబ్దాల ప్రభుత్వ నిర్ణయాలున్నాయి.

పైలట్ శిక్షణ, పంటలకు మందు కొట్టడం, రోగుల తరలింపు, సొంత ప్రయాణం... ఇలా టికెట్లు అమ్మే సర్వీసులు కాకుండా ఎగిరేవాటిని జనరల్ ఏవియేషన్ అంటారు. 1953లో ఎయిర్‌లైన్స్‌ను జాతీయం చేసినా పైలట్ శిక్షణ ఇచ్చే ఫ్లయింగ్ క్లబ్బులను ప్రభుత్వం సబ్సిడీ ఇచ్చి నిలబెట్టింది. వాటికోసం ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్ఏఎల్ రెండు సీట్ల పుష్పక్‌ను తయారుచేసింది. 1958లో మొదటిసారి ఎగిరిన ఈ విమానం సుమారు 160 తయారయ్యాక, 1960ల చివర్లో ఆగిపోయింది. 1972లో వచ్చిన బసంత్ మనకు ఇంకా దగ్గరి సంగతి. అది పంటలపై మందు చల్లడానికే చేసిన విమానం. వరి, పత్తి, మిర్చి పండే ఈ నేలకి అంతకంటే పనికొచ్చేది ఏముంటుంది? నలభై కూడా తయారుకాకముందే దాన్నీ ఆపేశారు. ప్రభుత్వ విమాన పరిశోధన సంస్థ ఎన్ఏఎల్ వారి శిక్షణ విమానం హంస 1993లో ఎగిరినా, సర్టిఫికెట్ చేతికొచ్చేసరికి 2000 అయింది. ఈలోగా క్లబ్బులు పాతబడిన విమానాలతోనే నెట్టుకొచ్చాయి.

1994లో ఆ జాతీయీకరణ చట్టం రద్దయి ప్రైవేటు ఎయిర్‌లైన్స్‌కి దారి తెరుచుకుంది. అప్పటినుంచి విమానయానం అంటే ప్రయాణికుల సంఖ్యే అన్నట్టు విధానాలు నడిచాయి. అసలు నష్టం ఇక్కడే జరిగిందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఇంధనం సంగతే చూడండి. చిన్న పిస్టన్ ఇంజిన్లలో ఎక్కువ భాగం ఏవ్‌గ్యాస్ అనే విమాన పెట్రోలుతో నడుస్తాయి. ఇండియన్ ఆయిల్ 2022లో వడోదర నుంచి అందించేదాకా దేశం దాన్ని దిగుమతి చేసుకుంటూనే ఉంది. 2015లో మన రాష్ట్రం పన్నును 16 నుంచి 1 శాతానికి తగ్గించింది, కానీ జెట్ ఇంధనంపై.

రాష్ట్ర విభజనతో ఇంకో దెబ్బ తగిలింది. బేగంపేటలోని ఏపీ ఏవియేషన్ అకాడమీ తెలంగాణకు వెళ్లిపోయింది. మరోపక్క కేంద్ర విమానయాన శాఖ రెండుసార్లు మనవాళ్లకే దక్కింది: 2014లో అశోక్ గజపతిరాజు, 2024లో రామ్మోహన్ నాయుడు. రెండో ప్రపంచ యుద్ధం నాటి గన్నవరం ఎయిర్‌పోర్టుకు కొత్త టెర్మినల్ వచ్చింది, రన్‌వే 3,360 మీటర్లయింది. మంచిదే. అదే శ్రద్ధ శిక్షణ మీద కనిపించలేదు.

2020లో కేంద్రం పైలట్ శిక్షణ సంస్థలు ఎయిర్‌పోర్టుకు ఆదాయంలో ఇచ్చే వాటా (రాయల్టీ) ఎత్తేసి, స్థలాల అద్దె తగ్గించింది. 2021లో బెళగావి, జల్‌గావ్, కలబురగి, ఖజురహో, లీలాబరిలకు స్కూళ్లు కేటాయించారు. 2022 జాబితాలో కడప ఒక్కటే మన రాష్ట్రానికి వచ్చింది. కమర్షియల్ పైలట్ లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి. ఇంటి దగ్గర ఆ వీలు లేక, పొలం అమ్మి మరీ పిల్లల్ని అమెరికాకో దక్షిణాఫ్రికాకో పంపే తల్లిదండ్రులు మన జిల్లాల్లో ఉన్నారు. పాత గుంటూరు జిల్లాలోనే, మాచర్ల మండలం విజయపురి సౌత్‌లో ఎయిర్‌స్ట్రిప్ ఉంది. హైదరాబాద్ ప్రైవేటు శిక్షణ విమానాలు అక్కడినుంచి ఎగిరాయి. మన ప్రభుత్వ అకాడమీ ఒక్కటైనా అక్కడ ఎందుకు పెట్టలేదో పాలకులు చెప్పాలి.