అరుదైన ఇంటిపేరు, దొరికిపోయే మనిషి: అటెన్‌బరో పేరు వెనకటి కథ

జన్యు పరీక్షలు చేసే అమెరికా సంస్థ ట్వంటీ త్రీ అండ్ మీ 2025 మార్చిలో దివాలా పిటిషన్ వేయడంతో, ఆ సంస్థకు ఉమ్మి నమూనాలు ఇచ్చిన సుమారు కోటిన్నర మంది వివరాలు ఎవరి పాలవుతాయన్న ఆందోళన మొదలైంది. అందులో ఎక్కువగా వినబడింది ఖాతాదారుల గొంతే. నమూనా ఏనాడూ ఇవ్వనివారి సంగతి అంతగా చర్చకు రాలేదు. ఇంగ్లండులో అరుదైన ఇంటిపేరు మోసే కుటుంబాల విషయంలో మాత్రం అసలు ప్రశ్న అదే. ఎక్కడో ఉన్న దూరపు దాయాది తన సరదా కొద్దీ పరీక్ష చేయించుకుంటే, ఆ ఇంటిపేరున్న మగవాళ్ళందరి గుట్టూ అతనితో పాటే సంస్థ చేతికి చేరుతుందా? చేరుతుందని చెప్పిన పరిశోధన 20 ఏళ్ళ క్రితమే వెలువడింది. దానిని అప్పట్లో అందరూ వేడుకగా చదివారు.

ఇంగ్లిష్ ఇంటిపేర్లు వృత్తి నుంచి, తండ్రి పేరు నుంచి, ఊరి నుంచి, మనిషి తీరు నుంచి ఎలా పుట్టాయన్నది చాలామందికి తెలిసిన విషయమే కనుక దానిని దాటేద్దాం. మనకు కావలసింది ఒక్క పేరు: అటెన్‌బరో. నాటింగ్‌హామ్ నగరానికి నైరుతి దిక్కున, ట్రెంట్ నది ఒడ్డున ఉన్న ఒక చిన్న ఊరి పేరు ఇది. ఊరి పేర్లే ఇంటిపేర్లైన కుటుంబాలు తెలుగు నాట కొల్లలు కనుక ఇది ఎలా జరిగిందో మన పాఠకులకు వివరించనక్కర్లేదు. ఊళ్ళో ఉన్నంతకాలం ఎవరినీ ఆ పేరుతో పిలవరు, ఊరు విడిచి పక్క ఊరికి చేరిన వాడికే అది అంటుకుంటుంది. గాంధీపై సినిమా తీసిన రిచర్డ్ అటెన్‌బరో, ప్రకృతి చిత్రాల డేవిడ్ అటెన్‌బరో సోదరుల వల్ల ఈ పేరు ప్రపంచమంతటా తెలిసింది గానీ, దానిని మోసేవారు నిజానికి చాలా తక్కువ. ఎంత ప్రసిద్ధమో అంత అరుదు.

ఆ తక్కువ మంది కూడా ఎంతోకాలం పుట్టిన చోటు చుట్టుపక్కలనే ఉండిపోయారు. 1881 జనగణన నాటికి ఈ పేరు ప్రధానంగా నాటింగ్‌హామ్‌షైర్, డెర్బీషైర్ సరిహద్దు ప్రాంతాలలోనే గుంపుగా కనబడుతుంది. సోదరుల తండ్రి ఫ్రెడరిక్ 1887లో పుట్టిన స్టేపుల్‌ఫర్డ్, అటెన్‌బరో ఊరికి కూతవేటు దూరంలోనిదే. ఆయన తండ్రి అక్కడ రొట్టెల వ్యాపారి. ఆరేడు వందల ఏళ్ళలో ఒక శాఖ సాగించిన ప్రయాణం ఆ కాసిని మైళ్ళేనన్నమాట. తరువాత ఒకే తరంలో ఫ్రెడరిక్ కేంబ్రిడ్జికి, లండన్ శివారుకు, 1932లో లెస్టర్ యూనివర్సిటీ కాలేజీ ప్రిన్సిపాల్ పదవికి చేరారు.

పేరు దూరం పోయిన దారి మరొకటి ఉంది. 19వ శతాబ్దపు లండన్‌లో అటెన్‌బరో అంటే తాకట్టు దుకాణం. నగలు, వెండి సామాను కుదువపెట్టుకునే ఈ వ్యాపారుల పేరు న్యాయశాస్త్రంలోకి కూడా ఎక్కింది. వీలునామా అమలు బాధ్యత మోస్తున్న ఒక వ్యక్తి, తనది కాని వెండి సామానును 1892లో తెచ్చి ఈ కొట్టులో కుదువపెట్టాడు. అది చెల్లదని చెప్పిన 1913 నాటి ప్రభువుల సభ తీర్పు, అటెన్‌బరో వర్సెస్ సోలమన్, నేటికీ ట్రస్టు చట్టం పాఠాలలో వస్తుంది. ఇదంతా చెప్పడానికి కారణం ఉంది. ఇలా నగరం చేరిన కొద్దిమందిని మినహాయిస్తే పేరు పుట్టిన చోటనే నిలిచిపోయింది. లండన్ యూనివర్సిటీ కాలేజీ భూగోళ శాస్త్రజ్ఞులు 1881 జనగణనను 1998 ఓటర్ల జాబితాతో పోల్చి గీసిన పటాలలో ఇలాంటి ఊరి పేర్లు ఎన్నో, రైళ్ళు, గనులు, రెండు ప్రపంచ యుద్ధాల తరువాత కూడా మూలస్థానం చుట్టూనే చిక్కగా కనిపిస్తాయి.

ఈ నిలకడ వల్లనే జన్యు శాస్త్రజ్ఞుల చూపు ఇటు పడింది. తండ్రి నుంచి కొడుక్కు ఇంటిపేరు వచ్చినట్టే మగవాళ్ళలో మాత్రమే ఉండే వై క్రోమోజోమ్ అనే జన్యు పోగు కూడా దాదాపు మార్పు లేకుండా వస్తుంది. ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడు బ్రయన్ సైక్స్ తన ఇంటిపేరే ఉన్న 48 మందిని పరీక్షించి 2000లో ఫలితం ప్రకటించారు. అందులో 21 మందికి ఒకే రకం క్రోమోజోమ్ ఉంది. యార్క్‌షైర్‌లో వ్యాపించిన ఈ పేరు అంతా ఒకే మూలపురుషుడి నుంచి వచ్చిందని ఆయన తేల్చారు. పత్రికలకు అది కమ్మని కథ. వంశమూలాలు అమ్మే ఆయన సంస్థకూ అది మంచి ప్రారంభమే.

అయితే అసలు మలుపు ఆక్స్‌ఫర్డ్‌లో కాదు, లెస్టర్‌లో వచ్చింది. అలెక్ జెఫ్రీస్ 1984లో డీఎన్ఏ వేలిముద్రను, అంటే జన్యువులతో మనిషిని గుర్తుపట్టే పద్ధతిని, కనుగొన్న విశ్వవిద్యాలయమే అది, ఫ్రెడరిక్ అటెన్‌బరో 1951 దాకా నడిపిన కాలేజీయే ఆ తరువాత విశ్వవిద్యాలయం అయింది. అక్కడ టూరీ కింగ్, మార్క్ జాబ్లింగ్, వారి సహచరులు 2006లో చేసిన ప్రయోగం పైకి చాలా సాదాగా ఉంటుంది. ఒకే ఇంటిపేరు ఉండి, పరస్పర బంధుత్వం తెలియని ఇద్దరేసి మగవాళ్ళను, 150 ఇంటిపేర్లకు 150 జతలుగా తీసుకుని క్రోమోజోములు పోల్చారు. స్మిత్ వంటి సర్వసాధారణమైన పేర్లలో ఇద్దరూ ఎవరికి వారే. పేరు అరుదైన కొద్దీ ఇద్దరూ ఒకే పూర్వీకుడి సంతానం అయ్యే అవకాశం పెరుగుతూ పోయింది. మొత్తం మీద 24 శాతం దాకా జతలకు దగ్గరి కాలపు ఉమ్మడి పూర్వీకుడు ఉన్నట్టు వారు అంచనా వేశారు.

అక్కడితో ఆగి ఉంటే ఇది వంశవృక్షాల వేడుకగానే మిగిలేది. కానీ ఆ ప్రయోగాన్ని ప్రకటించిన పరిశోధన వ్యాసమే ప్రశ్నను తిరగేసింది. పేరు తెలిస్తే క్రోమోజోమ్ ఊహించగలిగినప్పుడు, క్రోమోజోమ్ తెలిస్తే పేరు ఊహించలేమా? నేరం జరిగిన చోట దొరికిన నమూనా నుంచి నిందితుడి ఇంటిపేరును అంచనా వేయడానికి ఒక పెద్ద ఇంటిపేర్ల భాండాగారం ఉంటే, బ్రిటన్‌లో ఏటా 70 దాకా హత్య, అత్యాచార కేసుల దర్యాప్తుకు తోడ్పడవచ్చని వారు లెక్కగట్టారు. వారి పరీక్షలో ఊహ ఫలించింది మొత్తం మీద ఐదింట ఒక వంతుకు దగ్గరగా, అరుదైన పేర్లలో మూడింట ఒక వంతు మేర. నా దృష్టిలో నేటి తగవంతటికీ మూలం ఆ తిరగేసిన ప్రశ్నే. స్మిత్ గుంపులో కలిసిపోతాడు. అటెన్‌బరోకు ఆ వెసులుబాటు లేదు.

2009లో అదే బృందం 40 బ్రిటిష్ ఇంటిపేర్లకు చెందిన 1,678 క్రోమోజోములను పరిశీలించింది. ఒకే వంశగుచ్ఛంలో, అంటే ఒకే పూర్వీకుడి సంతతిగా కనబడే గుంపులో, పడిన వారి నిష్పత్తి సగటున 62 శాతం, కొన్ని పేర్లలో సున్నా. గరిష్ఠం 87 శాతం, అది అటెన్‌బరో పేరుదే. దాదాపు ప్రతి పదిమందిలో తొమ్మిదిమంది ఒకే మగవాడి సంతతి అన్న వార్త, డేవిడ్ అటెన్‌బరో ఫోటోలతో సహా పత్రికలకెక్కింది. ఏడు వందల ఏళ్ళ క్రితం ట్రెంట్ ఒడ్డు నుంచి బయలుదేరిన ఒంటరి పూర్వీకుడి బొమ్మ పాఠకుల మనసులో స్థిరపడింది.

పరిశోధన వ్యాసం చెప్పినది అది కాదు, దాదాపు దానికి విరుద్ధం. నేటి క్రోమోజోముల తీరు ఇంటిపేర్ల తొలి స్థాపకుల గురించి నమ్మదగిన సమాచారమేమీ పెద్దగా ఇవ్వదని రచయితలు స్పష్టంగా రాశారు. ఒక ఊరి నుంచి పది కుటుంబాలు అదే పేరుతో బయటికి వచ్చి ఉండవచ్చు. కొందరికి కొడుకులు లేకపోవచ్చు, కొందరిని మహమ్మారి తుడిచిపెట్టవచ్చు, ఒకరికి మాత్రం తరతరానికీ మగపిల్లలు మిగలవచ్చు. చివరికి నిలిచిన గుచ్ఛం చూసి మూలపురుషుడు ఒక్కడేనని అనుకుంటాం. శాస్త్రజ్ఞులు డ్రిఫ్ట్ అని పిలిచే ఈ కాకతాళీయపు వడపోతను 1870లలోనే ఫ్రాన్సిస్ గాల్టన్, హెన్రీ వాట్సన్ ఇంటిపేర్ల అంతర్ధానం లెక్కలో పట్టుకునే ప్రయత్నం చేశారు. వాట్సన్ లెక్క తప్పి, పేర్లన్నీ ఎప్పటికో ఒకప్పటికి అంతరించి తీరుతాయని తేల్చాడు గానీ, ప్రశ్న సరైనదే. ‘అంతరించిపోతున్న ఇంటిపేర్లు’ అంటూ ఏటా చక్కర్లు కొట్టే జాబితాలు ఈ వడపోతను విషాదంగా చూపిస్తాయి. ఏ కొద్ది పేర్లో తప్ప అన్నీ ఇలా సన్నబడుతూ వచ్చినవేనని అవి చెప్పవు.

మూలపురుషుడు ఒక్కడా, పదిమందా అన్నది చరిత్రకారుల తగవు. గోప్యతకు సంబంధించినంత వరకు ఆ తేడా లేదు. 87 శాతం ఎలా వచ్చినా 87 శాతమే, క్రోమోజోమ్ నుంచి పేరు వరకు దారి తెరిచే ఉంటుంది.

ఆ దారిలో మొదట నడిచింది పోలీసులు కాదు. లెస్టర్ ప్రయోగం వెలువడక ముందే, 2005లో, దాత వీర్యంతో పుట్టిన ఒక 15 ఏళ్ళ అబ్బాయి తన ఉమ్మి నమూనా పంపి, సరిపోలిన ఇద్దరు అపరిచితుల ఇంటిపేరు ఒకటేనని గమనించి, తన జన్మకు కారణమైన దాతను కనుక్కున్నాడు. ఆ దాత పరీక్ష ఎప్పుడూ చేయించుకోలేదు, పేరు బయటపెట్టరన్న హామీ మీదే దానం చేశాడు. 2013లో అమెరికా పరిశోధకులు మెలిసా జిమ్రెక్, యానివ్ అర్లిక్, వారి సహచరులు, పేర్లు తొలగించి బహిరంగంగా పెట్టిన జన్యు సమాచారం నుంచి ఇంటిపేర్లు రాబట్టి, వయసు, రాష్ట్రం జోడించి దాదాపు 50 మందిని గుర్తుపట్టి చూపించారు.

2014లో ఇది ప్రయోగశాల దాటింది. అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో 1996లో జరిగిన ఒక హత్య కేసులో పోలీసులు నేరస్థలపు వై క్రోమోజోమ్ వివరాలను ఒక వంశవృక్ష భాండాగారంలో వెతికారు. 35 జన్యు గుర్తులలో 34 సరిపోయిన ఒక నమూనా దొరికింది. అది ఎన్నో ఏళ్ళ క్రితం ఒక పెద్దాయన చర్చి తరఫున జరిగిన వంశ పరిశోధన కోసం ఇచ్చినది. పేరు చెప్పమని సంస్థకు కోర్టు ఉత్తర్వు వెళ్ళింది. ఆయన కొడుకు, న్యూ ఆర్లియన్స్‌లో ఉండే ఒక సినిమా దర్శకుడు, ఐడహోతో కాస్త పరిచయం ఉన్న పాపానికి విచారణ గదిలో కూర్చుని రక్తసంబంధం కోసం కాక నిర్దోషిత్వం కోసం నమూనా ఇవ్వవలసి వచ్చింది. దాదాపు నెల రోజుల తరువాత ఆయన నిర్దోషి అని తేలింది. ఆ మరుసటి ఏడాది భాండాగారాన్ని మూసేశారు.

వంశ పరిశోధకుల వాదన కూడా ఉంది. ఒక్కొక్క ఇంటిపేరును లోకమంతటా వెతికే అభిరుచిపరులు బ్రిటన్‌లో 1979 నుంచీ సంఘంగా పనిచేస్తున్నారు. దత్తతకు వెళ్ళినవారికి కన్నతండ్రి పేరు చెప్పగలిగేది ఈ సమాచారమేనని, పాల్గొన్నవారంతా ఇష్టపూర్వకంగా సంతకం చేసినవారేనని వారంటారు. ఐడహో హత్య కేసులో కూడా 2019లో వేరే వ్యక్తిని పట్టుకున్నది జన్యు వంశవృక్షం ద్వారానేనని దర్యాప్తు వర్గాలు గుర్తు చేస్తాయి. రెండూ నిజమే. అయితే సంతకం పెట్టింది ఒక్కడు, పట్టుబడగలిగేది ఇంటిపేరంతా అన్న ఫిర్యాదుకు ఆ రెండింటిలోనూ జవాబు లేదు.

2023లో ట్వంటీ త్రీ అండ్ మీలో జరిగిన సమాచార దొంగతనం ఈ లెక్కను కళ్ళకు కట్టింది. దొంగలు పాత పాస్‌వర్డులతో నేరుగా తెరవగలిగిన ఖాతాలు సుమారు 14,000 మాత్రమే. కానీ బంధువులను చూపించే సదుపాయం గుండా వారి చేతికి చిక్కిన వివరాలు 69 లక్షల మందివి. బ్రిటన్ సమాచార కమిషనర్ కార్యాలయం 2025 జూన్‌లో సంస్థకు 23.1 లక్షల పౌండ్ల జరిమానా వేసింది. తాళం సరిగా వేయనందుకు వేసిన జరిమానా అది. బంధువులను ఒకరికొకరిని కట్టిపడేసే ఏర్పాటును అది ముట్టుకోలేదు.

లెస్టర్ పరిశోధకులు 2006లో ఊహించిన భాండాగారాన్ని బ్రిటిష్ ప్రభుత్వం నెలకొల్పలేదు. ఆ అవసరం కూడా రాలేదు, జనం తమ సొంత డబ్బుతో ప్రైవేటు సంస్థల దగ్గర దానిని నింపుతూ వచ్చారు. 2025 వేసవిలో ట్వంటీ త్రీ అండ్ మీ ఆస్తులు, అందులోని నమూనాలతో సహా, దాని సహ వ్యవస్థాపకురాలు ఏన్ వొజిస్కీ నడిపే లాభాపేక్ష లేని సంస్థకు 30 కోట్ల 50 లక్షల డాలర్లకు చేరాయి. ఖాతాదారులు కావాలంటే తమ వివరాలను తొలగించుకోవచ్చని కొత్త యజమాని హామీ ఇచ్చారు. ఆ తొలగింపు మీట కనిపించేది ఖాతా ఉన్నవాడికే. అతని ఇంటిపేరు పంచుకునే పినతండ్రి కొడుక్కు ఖాతా లేదు కనుక, తొలగించమని అడగడానికి అతనికి దరఖాస్తు కూడా లేదు.