ఫోటోలో ఉప్పు చారలు

చిన్నీ, బుజ్జీ,

మొన్న నా పాత ఫోటో చూసి "చొక్కా మీద ఆ తెల్ల చారలేంటి తాతయ్యా, సున్నమా?" అని అడిగారు. సున్నం కాదర్రా, ఉప్పు. చెమట ఆరిపోగా మిగిలింది.

నేను ఇనుప ఫౌండ్రీలో పనిచేశాను. 1,300 డిగ్రీలు దాటిన కరిగిన ఇనుమును పెద్ద గరిటెలాంటి లేడిల్‌తో ఇసుక అచ్చుల్లో పోసేవాళ్లం. అయితే మనిషిని పడగొట్టేది ఒక్క కొలిమే కాదు. బరువు మోస్తుంటే ఒంట్లోనూ వేడి పుడుతుంది. దాన్ని బయటికి పంపేది చెమట. అది కారితే చాలదు, ఆరాలి. మట్టికుండలో నీళ్లు చల్లబడేదీ అలాగే. గాలిలో తేమ ఎక్కువైతే, ఒంటి మీద తోలు ఏప్రాన్ ఉంటే, చెమట ఎక్కడ ఆరుతుంది?

ఒక మే నెలలో కొత్త కుర్రాడొకడు చేరాడు. మూడో రోజు మధ్యాహ్నం తూలుతూ ఏదేదో మాట్లాడాడు. "తాగొచ్చాడ్రా" అని అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటి మెదడుకు తగిలితే మనిషి అలాగే అవుతాడని నాకప్పుడు తెలీదు. వడదెబ్బ తగిలితే ఒళ్లు పొడిబారుతుందంటారు గానీ, వాడు చెమటతో తడిసి ముద్దయ్యాడు. కాసేపటికి కుప్పకూలాడు. మా మేస్త్రీ గొట్టం లాక్కొచ్చి వాడి మీద నీళ్లు కుమ్మరించాడు. "ముందు చల్లార్చండి, ఆటో సంగతి తర్వాత!" అని ఒకటే అరుపు. స్పృహ లేనివాడి నోట్లో మాత్రం చుక్క నీళ్లు పోయనివ్వలేదు.

వేడికి ఒళ్లు అలవాటు పడాలంటే వారం, రెండు వారాలు పడుతుంది. అప్పుడు చెమట త్వరగా పడుతుంది, అందులో ఉప్పు కూడా తగ్గుతుంది. అందుకే కొత్తవాడికి తొలిరోజు ఐదోవంతు పనే ఇచ్చి, రోజురోజుకూ పెంచాలి. చాలా రోజులు సెలవు పెట్టి వచ్చినవాళ్లకీ కొంచెం కొంచెంగానే పెంచాలి. మా దగ్గర మొదటి రోజే ఫుల్ షిఫ్ట్!

250 మందికి మించి పనిచేసే చోట ఎండాకాలం చల్లటి తాగునీళ్లు పెట్టాలని 1948 ఫ్యాక్టరీల చట్టంలో రాశారు. మేం 60 మందిమి. మా కుండ మేమే చందా వేసి కొనుక్కున్నాం. అది ఉన్నా, అచ్చుల లోపల పెట్టే ఇసుక దిమ్మలు, అదే కోర్లు, చేసే ఆడవాళ్లు దాహం చంపుకునేవారు. బాత్రూం గేటు బయట ఉండేది మరి. ఆ సంగతి నాకు చాలా ఏళ్లకు గానీ తట్టలేదు.

ఫోటో మళ్లీ చూడండి. ఎడమ పక్క కుండ పట్టుకుని నవ్వుతున్నాడే, ఆ కుర్రాడే వాడు.

మీ తాతయ్య